రెండవ ఇంజను

చిన్న విమానానికి ఒక ఇంజను చాలదా, రెండెందుకు? విమానాల బొమ్మలు కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకున్న రోజులనుండి నన్ను వదలని ప్రశ్న ఇది. మా జనగామ మీదుగా విమానాలు పోవడమే గాని దిగడం ఎరుగను. అందుచేత నా వైమానిక విద్య అంతా పుస్తకాలలోనే సాగింది.

అమెరికాలో 1950లలో ఈ జాతి విమానాలకు మంచి కాలం వచ్చింది. సెస్నా 310 తొలిసారి 1953లో ఎగిరింది. మరుసటి ఏడు పైపరు అపాచీ, 1961లో బీచ్‌క్రాఫ్టు బేరన్ అమ్మకానికి వచ్చాయి. నలుగురైదుగురు కూర్చునే ఈ విమానాలను వ్యాపారులు, వైద్యులు సొంతానికి కొనుక్కున్నారు. చీకటిలో, అడవులమీద ఎగిరేటప్పుడు ఒకటి ఆగినా మరొకటి ఉన్నదన్న ధైర్యమే వాటి ఆకర్షణ.

ఆ ధైర్యంలో ఒక మెలిక ఉన్నది. ఒక ఇంజను ఆగితే పోయేది సగం బలమే. కాని పైకెక్కే శక్తిలో నూటికి 80 పాళ్లు పోతుంది. మట్టసంగా ఎగరడానికి ఖర్చయినది పోగా మిగిలిన బలంతోనే కదా విమానం పైకెక్కేది! పైగా పనిచేస్తున్న ఇంజను విమానాన్ని పక్కకు తిప్పివేస్తుంది. పైలటు తక్షణం చుక్కానిని తొక్కిపట్టి, ఆగిన పంకా రెక్కలను గాలికి అడ్డు రాకుండా మళ్లించాలి. వేగం ఒక హద్దుకు దిగువకు పడిపోతే ఆ చుక్కాని కూడ చాలదు. అందుకే రెండు ఇంజన్లు నడపడానికి వేరే శిక్షణ, వేరే అర్హత కావాలి.

2011 వానకాలంలో, భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసే మా బావగారికి అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చింది. అక్కడికి రైలు లేదు. హైదరాబాదుకు రోడ్డున 200 కిలోమీటర్లకు పైమాటే. జనగామ దాటకముందే ఆయన ప్రాణం పోయింది. కర్మలు ముగిశాక మహబూబాబాదులో అక్క అడిగింది: "ఇన్ని చదివినవు గద తమ్మీ, ఒక్క విమానమన్న మన దిక్కు రాదా?"

వచ్చే విమానాలు లేకపోలేదు. 1964లో తొలిసారి ఎగిరిన కింగ్ ఎయిర్ ఈ జంట ఇంజన్ల వంశంలో పెద్దది. టర్బైను ఇంజన్లతో గంటకు 400 కిలోమీటర్లు పోతుంది. మనదేశంలో రోగులను తరలించేవాటిలో అవీ ఉన్నాయి. కాని అద్దె లక్షలలో ఉంటుంది. దిగడానికి దగ్గరలో ఉన్నది వరంగల్లు పక్కన నిజాం కాలపు మామునూరు విమానాశ్రయమే. ఆ రాత్రి అది మూతబడి ఉన్నది. అక్కకు ఇదంతా చెప్పలేదు. రాదని మాత్రం చెప్పాను.

మామునూరు పునరుద్ధరణకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. పెద్ద విమానాల గురించి అందరూ మాట్లాడుకుంటున్నారు. మంచిదే. నేను మాత్రం అర్ధరాత్రి ఫోను మోగితే లేచి రన్‌వే దీపాలు వెలిగించే మనిషిని అక్కడ పెడతారా అని చూస్తున్నాను. ఆ మనిషి లేకుంటే, ఎన్ని ఇంజన్లున్న విమానమైనా మా దిక్కుకు రాత్రిపూట రాలేదు.