కోఠీ కాలేజీ: వెనకవైపు నుంచి

కోఠీ ఉమెన్స్ కాలేజీ చూపించడానికి తీసుకెళ్ళే వాళ్ళెవరైనా ముందువైపు నుంచే మొదలుపెడతారు. ఆ భవనం కట్టిందే అలా చూడమని. ఆరు కొరింథియన్ స్తంభాలు, ఒక్కొక్కటీ దాదాపు నలభై అడుగుల ఎత్తు. వాటి నెత్తిన త్రికోణంలో ఈస్టిండియా కంపెనీ రాజచిహ్నం. మెట్లకి అటూ ఇటూ రెండు సింహాలు. కింద నిలబడి తలెత్తి చూసేవాడు తనెంత చిన్నవాడో తెలుసుకోవాలి, అంతే. ఆ ఆదివారం మాకు అన్నీ వివరించిన కుర్రాడు స్తంభాన్ని వేలి కణుపుతో తట్టి, "రాయి కాదు మేడమ్, ఇటుక మీద సున్నం" అన్నాడు. నాకా మాట బాగా నచ్చింది. రెండొందల ఏళ్ళుగా పాలరాయిలా నటిస్తున్న సున్నం!

1803లో మొదలైన ఈ కట్టడానికి నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. కట్టించింది హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. డబ్బు మాత్రం నిజాముది. స్థలం కోసం మొదట పెద్ద కాగితం మీద నక్షా పంపిస్తే నిజాం కాదన్నాడట. అదే నక్షాని చిన్న అట్టముక్క మీద గీసి పంపిస్తే సరేనన్నాడట. తన రాజ్యం పటమంత పెద్దగా కనిపించేసరికి మొదట భయపడ్డాడని అప్పటి ఇంగ్లీషువాళ్ళు నవ్వుకుంటూ చెప్పుకున్నారు. నాకైతే ఆయన భయంలో తెలివితక్కువతనమేమీ కనపడలేదు.

లోపలి దర్బారు హాలు, అద్దాలు, షాండ్లియర్లు, రెండు పాయలుగా వంపు తిరిగి పైకెళ్ళే మెట్లు... వీటి గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. నేను చూడాలనుకున్నది వెనక ఉంది.

అక్కడ తోటలో ఈ భవనానికే ఒక నమూనా ఉంది. బొమ్మరిల్లు కంటే పెద్దది, మనిషి కంటే పొట్టిది. రెసిడెంటు పెళ్ళాడిన ఖైరున్నీసా బేగం పరదాలో ఉండేది. రంగ్‌మహల్ అనే జెనానా దాటి ముందువైపుకి రాలేదు. భర్త ఎంత గొప్ప భవనం కట్టించాడో ఆమె చూడలేదు కాబట్టి ఆమె తోటలోనే దాని చిన్న రూపం కట్టించాడు. ఇదీ కాలేజీలో తరతరాలుగా చెప్పుకునే కథ. మా గుంపులో కొందరు "ఎంత ప్రేమో!" అన్నారు. ఫొటోలు తీసుకున్నారు.

నేనూ ఆ నమూనా చుట్టూ తిరిగాను. పరదా కిర్క్‌పాట్రిక్ పెట్టింది కాదు, ఆమె పుట్టిన కులీన కుటుంబపు ఆచారం. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. అయినా, తను ఉంటున్న ఆవరణలోనే ఉన్న తన ఇంటి ముఖద్వారాన్ని ఒక స్త్రీ ఇలా వంగి బొమ్మలో చూసుకోవడం ప్రేమకథ ఎలా అవుతుందో నాకర్థం కాలేదు. ద్వారం తెరవడం కష్టం, ద్వారం బొమ్మ చేసివ్వడం తేలిక.

ప్రేమ లేదని కాదు. 1800లో పెళ్ళి జరిగేనాటికి ఆమె వయసు పద్నాలుగు, పదిహేను. ఆ లెక్క మనకి గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. కానీ ఆమెని నోరులేని పిల్లగా చూపించడం కూడా నాకు సమ్మతం కాదు. అప్పటికే నిశ్చయమైన సంబంధాన్ని కాదని, తల్లి షరఫున్నీసా అండతో ఆమె ఈ మనిషిని కోరుకుంది. కంపెనీ దొరలు దీనిమీద విచారణలు జరిపించారు. జెనానాలో ఆడవాళ్ళు తీసుకున్న ఒక నిర్ణయం కలకత్తాలో గవర్నర్ జనరల్ దాకా వెళ్ళింది! విలియం డాల్రింపుల్ 2002లో 'వైట్ మొఘల్స్' అచ్చువేశాక ఈ కథ లోకమంతా తెలిసింది. అయితే ఆ కథకి ఆధారమైన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మగవాళ్ళు మగవాళ్ళకి రాసుకున్నవే.

ప్రేమకథ చెప్పేవాళ్ళు నమూనా దగ్గరే ఆగిపోతారు. ఆ తర్వాత జరిగింది ఇది. 1805లో నాలుగేళ్ళ కొడుకునీ మూడేళ్ళ కూతురినీ ఇంగ్లండు పంపించేశారు. ఓడ ఎక్కేముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ ఆ పిల్లలిద్దరి బొమ్మ వేశాడు. హైదరాబాదీ దర్బారు దుస్తుల్లో, కళ్ళల్లో బెరుకుతో నిలబడి ఉంటారు. ఆ చిత్రం ఇప్పుడు హాంకాంగ్‌లో ఒక బ్యాంకు సేకరణలో ఉంది. తల్లి పిల్లల్ని మళ్ళీ చూడలేదు. అదే ఏడాది అక్టోబరులో కలకత్తాలో కిర్క్‌పాట్రిక్ చనిపోయాడు. తర్వాత అతని కింద పనిచేసిన హెన్రీ రస్సెల్ (నక్షా గీసిన రస్సెల్ వేరు) ఆమెకి దగ్గరయ్యాడు. ఆమెని మచిలీపట్నంలో ఉంచి, 1808లో మద్రాసులో ఇంకొకామెని పెళ్ళిచేసుకున్నాడు. 1811లో అతనే రెసిడెంటుగా ఈ భవనానికి వచ్చాడు. ఆమె 1813లో, ముప్ఫై నిండకుండానే, హైదరాబాదులో చనిపోయింది.

మచిలీపట్నం సముద్రపు ఒడ్డున ఆమె ఏ ఇంట్లో ఉందో చూపించే పర్యటన ఏదీ లేదు.

రంగ్‌మహల్‌ని 1860లో అప్పటి రెసిడెంటు కూల్చివేయించాడు. తనకి ముందు ఒక రెసిడెంటు హైదరాబాదీ స్త్రీతో అలా కాపురం చేశాడన్న ఆనవాలే విక్టోరియా కాలపు దొరకి అవమానంగా తోచింది. జెనానాకి ద్వారంగా ఉన్న కమాను మాత్రం శిథిలమై మిగిలింది. వాస్తుకళ గురించి మాట్లాడేటప్పుడు మిగిలిన వాటినే మాట్లాడతాం. సింహాలున్నాయి, సింహాల గురించి మాట్లాడతాం. ఆడవాళ్ళు వండుకుని, తిని, పిల్లల్ని కని, ఉత్తరాలు రాయించుకున్న ఇల్లు లేదు కాబట్టి దాని శైలి పేరేమిటో ఎవరికీ అక్కర్లేదు. నేను ఆ కమాను దగ్గర అందరికంటే ఎక్కువసేపు ఉండిపోయాను. "మేడమ్, అక్కడేం లేదు" అని కుర్రాడు పిలుస్తూనే ఉన్నాడు.

ఇంగ్లండు వెళ్ళిన ఆ పాప కిట్టీ పెద్దదై, 1841 తర్వాత అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తరాల ద్వారా కలిసింది. ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మమ్మ పారశీకంలో చెప్పి రాయించేది, అవతల ఎవరో ఇంగ్లీషులోకి మార్చేవారు. 1847లో అమ్మమ్మ చనిపోయేదాకా ఒకరినొకరు చూసుకోలేదు.

1924లో మొదలైన ఆడపిల్లల కాలేజీ 1949లో ఈ ఆవరణలోకి వచ్చింది. ఖైరున్నీసా నడవలేదంటున్న మెట్ల మీద అప్పట్నుంచీ అమ్మాయిలు కూచుని నోట్సు కాపీ చేసుకున్నారు, టిఫిన్ డబ్బాలు విప్పుకున్నారు, ఫెయిలై ఏడ్చారు. బుర్ఖాలో వచ్చి లోపలికి రాగానే ముసుగు వెనక్కి నెట్టి సింహానికి ఆనుకున్నవాళ్ళూ ఉంటారు. నన్నడిగితే ఈ భవనానికి జరిగిన అసలైన పునరుద్ధరణ అదే. రెండోది, వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సాయంతో ఏళ్ళ తరబడి సాగింది. పైకప్పు కూలకుండా నిలబడింది, సంతోషం. కానీ శిథిలమైందని తరగతుల్ని ఎప్పుడో పక్క బ్లాకులకి పంపేశారు. బాగయ్యాక చదువు లోపలికి తిరిగొస్తుందా, లేక అమ్మాయిలు మళ్ళీ బయట నిలబడి తమ కాలేజీని దూరం నుంచి చూడాల్సి వస్తుందా అన్నది నన్ను వదలని ప్రశ్న. వారసత్వ సంపద అనగానే అందులో రోజూ మసిలేవాళ్ళ నుంచే మొదట కాపాడాలని ఎందుకనుకుంటామో!

2022లో ఇది మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో ప్రభుత్వం చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. కంపెనీ చిహ్నం ఉన్న చోట, పాలకుర్తిలో దేశ్‌ముఖ్ మనుషులు పంట ఎత్తుకుపోవడానికొస్తే ఎదురు నిలిచిన ఆడమనిషి పేరు. అయితే కుర్రాడి వివరణలో ఆమె పేరు రెండు సెకన్లు పట్టింది. మా వెనక వస్తున్న ఇద్దరు విద్యార్థినుల్లో ఒకమ్మాయి అతన్ని ఆపి, "ఐలమ్మది ఎన్ని ఎకరాలన్నా?" అని అడిగింది. అతను తడుముకున్నాడు. పక్కమ్మాయి "నాలుగు" అంది.