లవంగాల దీవిలో ఒక పగలు

“రేపు ఉదయం రెండు గంటలకు వాహనం తీసుకుని వస్తాను” అని గైడు ఫోనులో చెప్పగానే మేము ముఖాలు చూసుకున్నాము. తహజ్జుద్ వేళకు ఊరు చూడడమేమిటని మా శ్రీమతి విస్తుపోయింది. దారుస్సలాంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి నవ్వి అసలు సంగతి చెప్పాడు. స్వాహిలీ ప్రజల గడియారం సూర్యోదయంతో మొదలవుతుంది. మనం ఉదయం ఏడు గంటలు అనే సమయం వారికి ఒంటిగంట. ఎనిమిది గంటలు రెండు. జంజిబార్ భూమధ్యరేఖకు కేవలం ఆరు డిగ్రీల దక్షిణాన ఉంది గనుక అక్కడ ఏడాది పొడవునా పగలూ రాత్రీ దాదాపు సమానం. మగ్రిబ్ వేళకు రాత్రి లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. సూర్యాస్తమయంతో కొత్త తేదీని లెక్కించే మనకు ఇది వింతగా తోచనక్కరలేదు గాని, ఆ రాత్రి మాత్రం మేము రెండు గడియారాలూ సరిచూసుకుని పడుకున్నాము.

జంజిబార్ టాంజానియా దేశంలో భాగమైన ద్వీపసముదాయం. అందులో పెద్ద దీవి పేరు ఉంగూజా. ప్రజలలో నూటికి తొంభైకి పైగా ముస్లిములే. దారుస్సలాం రేవు నుంచి వేగంగా నడిచే ఫెర్రీలో రెండు గంటల ప్రయాణం; ఒకే దేశమైనా దిగగానే విదేశీయుల పాస్‌పోర్టులు మళ్ళీ చూస్తారు, దగ్గర ఉంచుకోవాలి. మేము ఐదుగురం: నేను, మా శ్రీమతి, అబ్బాయి, కోడలు, పదేళ్ళ మనవరాలు. పదిమందితో కలిసి బస్సులో తిరగకుండా, మా కోసమే ఒక వాహనాన్ని, ఒక గైడును ఒక పగటికి కుదుర్చుకున్నాము. ఖర్చు ఎక్కువే. కాని మోకాళ్ళ నొప్పులున్న మనిషి, చిన్నపిల్ల ఉన్న కుటుంబం ఎక్కడ కావాలంటే అక్కడ ఆగవచ్చు. నమాజు వేళలు ముందే చెప్పి దారిని వాటి ప్రకారం అమర్చుకోవచ్చు. ప్రవేశ రుసుములు, భోజనం ఆ మొత్తంలో ఉన్నాయో లేదో బయలుదేరకముందే తేల్చుకోవడం మంచిది.

గైడు పాతికేళ్ళ యువకుడు. తెల్లని పొడుగు చొక్కా, తలపై దారపు పనితనంతో కుట్టిన కోఫియా టోపీ. నన్ను చూడగానే వంగి “షికమో, బాబు” అన్నాడు. ‘బాబు’ అంటే స్వాహిలీలో తాతగారని మా మనవరాలు వివరించి పకపకా నవ్వింది. ‘షికమో’ చిన్నవారు పెద్దలకు చెప్పే మర్యాద పలకరింపు. మీ పాదాలు పట్టుకుంటున్నాను అన్న మాట నుంచి పుట్టిందంటారు. దానికి పెద్దలు ‘మరహబా’ అనాలి. దారిపొడవునా ఆ భాషలో మనకు తెలిసిన మాటలు ఎదురవుతూనే ఉన్నాయి. డబ్బును ‘పెసా’ అంటారు, బండిని ‘గారి’, లక్షను ‘లాకి’, పుస్తకాన్ని ‘కితాబు’, లోకాన్ని ‘దునియా’. అరబ్బులు, మన దేశపు వర్తకులు ఋతుపవనాల వెంట తెరచాప ఓడలలో శతాబ్దాల తరబడి ఈ తీరానికి వచ్చిపోయిన జాడలివి. వాటిని వింటూ సొంత బంధువుల ఊరికి వచ్చినంత సంబరపడ్డాను.

ఆ సంబరం తొలి మజిలీ వరకే నిలిచింది.

స్టోన్ టౌన్ అనే పాతనగరంలో, ఇరుకు సందుల నడుమ ఒక ఆంగ్లికన్ చర్చి ఉన్నది. ఒకప్పుడు అక్కడే బానిసల బజారు ఉండేది. ఆఫ్రికా ఖండపు లోపలి భూముల నుంచి పట్టి తెచ్చిన స్త్రీపురుషులను, పసివాళ్ళను పంతొమ్మిదవ శతాబ్దంలో ఈ చోట వేలం వేసేవారు. బ్రిటిషు వారి ఒత్తిడికి తలొగ్గి సుల్తాన్ బర్గష్ 1873లో ఈ బజారును మూసివేశాడు. ఆ తరువాత అదే స్థలంలో చర్చి లేచింది. కొరడా దెబ్బలు కొట్టిన స్తంభం ఉన్నచోటనే దాని బలిపీఠం ఉన్నదని చెబుతారు. ఆవరణలో ఒక గొయ్యి. అందులో మెడలకు ఇనుప గొలుసులతో నిలిచిన ఐదు బొమ్మలు. 1998లో ఒక స్వీడిష్ శిల్పి చెక్కిన ఈ స్మారకంలోని గొలుసులు మాత్రం ఆనాటి అసలైనవేనట. బొమ్మల కళ్ళు నేలమట్టానికి కాస్త దిగువన ఉంటాయి గనుక చూసేవారు తలవంచక తప్పదు.

పక్క భవనం కింద రెండు నేలమాళిగలు చూపిస్తారు. పైకప్పు అందేంత తక్కువ ఎత్తు. గాలికి గోడలో సన్నని చీలికలు. అమ్మకానికి ముందు మనుషులను ఇక్కడ కుక్కి ఉంచేవారని చెబుతారు. ఈ గదులు తరువాతి కాలంలో కట్టిన ఆసుపత్రి గిడ్డంగులేనని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. గదుల మాట ఏమైనా, బజారు ఇక్కడ నడిచిందన్న మాటను కాదనేవారు లేరు.

ఆ చీకటి గదిలో మా మనవరాలు నా చేయి పట్టుకుని మెల్లగా అడిగింది: “దాదా, వీళ్ళను అమ్మినవాళ్ళు కూడా నమాజు చదివేవారా?”

నేను వెంటనే బదులివ్వలేదు. మస్జిదులలో, సభలలో ఇస్లాం బోధించిన సమానత్వం గురించి ఎన్నోసార్లు మాట్లాడినవాణ్ణి. హజ్రత్ బిలాల్ (రజి) కాబాపై నుంచి అజాన్ ఇచ్చిన సన్నివేశం చెప్పి శ్రోతలను కంటతడి పెట్టించినవాణ్ణి. అలవాటైన జవాబులు నాలుక చివరికి వచ్చాయి. ఐరోపావాసులు అట్లాంటిక్ మీదుగా కోటిమందికి పైగా తరలించారు కదా, వారితో పోలిస్తే ఇది ఎంత? మన ధర్మశాస్త్రంలో బానిసలకు హక్కులుండేవి కదా? అవన్నీ నిజాలే కావచ్చు. కాని ఆ గదిలో నిలబడి, పదేళ్ళ పిల్ల కళ్ళలోకి చూస్తూ ఆ మాటలు అనబుద్ధి కాలేదు.

గైడు అందుకుని చెప్పాడు. “చదివేవారమ్మా. ఐదు పూటలా చదివేవారు. కొనుగోలైనవాళ్ళలోనూ చాలామంది ఆ తరువాత ముస్లిములయ్యారు. మా నాయనమ్మ వైపు పెద్దలు అలా వచ్చినవారే. మా తాతగారి తల్లి వైపు వారు మస్కట్ నుంచి వచ్చిన అరబ్బులు. నేను ఇద్దరి సంతానాన్నీ.” స్వరంలో నిష్ఠూరం లేదు, తన ఇంటి చిరునామా చెబుతున్నట్లే చెప్పాడు.

బయట చెట్టునీడన కూర్చున్నాక మనవరాలికి నేను చెప్పగలిగినది ఇంతే. స్వేచ్ఛాపరుడైన మనిషిని అమ్మి ఆ వెల తిన్నవాడికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు దైవప్రవక్త (స) మనకు తెలియజేశారు. దివ్య ఖుర్ఆన్ బానిస విముక్తిని కష్టసాధ్యమైన ఎత్తైన దారి అన్నది. జకాత్ వ్యయం చేయవలసిన ఎనిమిది పద్దులలో దానిని చేర్చింది. ఈ ఊరి వర్తకులకు ఇవన్నీ తెలుసు. తెలిసే చేశారు. “మరి ఎందుకు చేశారు?” అన్నది. లాభం కోసమన్నాను. వారికి అప్పులిచ్చి వ్యాపారం నడిపించిన వడ్డీ వర్తకులలో మన దేశంవారు, హిందువులూ ముస్లిములూ, ఇద్దరూ ఉన్నారని కూడా చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు గైడు నా వైపు ఒకసారి చూశాడు.

ఆ లాభం దేనినుంచి వచ్చిందో రెండవ మజిలీలో కంటికి కనబడింది. నగరానికి ఈశాన్యంగా, కొబ్బరి, పనస చెట్ల మధ్య సుగంధద్రవ్యాల తోటలున్నాయి. మా శ్రీమతి ముఖం అక్కడే మొదటిసారి విప్పారింది. ఏ ఆకు నలిపి వాసన చూపించినా గైడు నోరు తెరవకముందే పేరు చెప్పేసింది. దాల్చిన చెక్కను వారు ‘మ్‌దలసీని’ అంటారు, ఏలకులను ‘ఇలికి’. జాజికాయను పగలగొడితే ఎర్రని వలలాంటి జాపత్రి దానిని చుట్టుకుని ఉన్నది. బిర్యానీలో ఇన్నేళ్ళు వేసినా ఆ రెండూ ఒకే పండులోవని నాకు తెలియదు. తాటాకు టోపీలు అల్లి తలపై పెట్టడం, కొబ్బరిచెట్టెక్కి పాట పాడడం వంటివి యాత్రికుల కోసం సాగే తంతు. బక్షీసు ఆశిస్తారు, పిల్లలకు సరదాగా ఉంటుంది.

లవంగం చెట్టు దగ్గర నేను ఎక్కువసేపు నిలబడ్డాను. మనం వాడే లవంగం పూయని మొగ్గ. విచ్చుకోకముందే, ఆకుపచ్చ నుంచి గులాబిరంగుకు తిరిగే సమయాన చేతితో గుత్తులు గుత్తులుగా కోయాలి. తరువాత చాపలపై రోజుల తరబడి ఎండబెట్టాలి. విపరీతంగా మనుషులు కావలసిన పని. ఒమాన్ పాలకుడు సయ్యద్ సయీద్ 1840 ప్రాంతంలో తన రాజధానిని మస్కట్ నుంచి ఇక్కడికి మార్చి, దీవి నిండా ఈ చెట్లు నాటించాడు. అవి కోసిన చేతులు ఆ బజారులో కొన్నవే. కొద్ది దశాబ్దాలలోనే జంజిబార్ ప్రపంచానికి లవంగాలు పంపే కేంద్రమైంది. ఓడలు బొంబాయి రేవుకూ వచ్చేవి. 1872 నాటి తుఫాను ఈ దీవిలోని చెట్లను నేలకూల్చాక, పక్కనున్న పెంబా దీవి ముందుకు వచ్చింది. బజారు మూసినా తోటలలో బానిసత్వం వెంటనే పోలేదు. చట్టప్రకారం దాని రద్దు 1897లోగాని మొదలు కాలేదు. మా శ్రీమతి పావుకిలో లవంగాలు కొన్నది. ధర బజారులో కంటే ఎక్కువేనని తెలిసీ బేరమాడలేదు.

జుహ్ర్ వేళకు జోజానీ అడవికి చేరాము. వెనుక ఎర్రని బొచ్చు, ముఖం చుట్టూ తెల్లని జులపాలున్న కొలోబస్ కోతులు చేతికందేంత దూరంలో ఆడుకుంటున్నాయి. ఈ జాతి జంజిబార్‌లో తప్ప మరెక్కడా సహజంగా లేదు. దానికి బజారు మూయించిన ఒడంబడికను నడిపిన బ్రిటిషు కాన్సుల్ జాన్ కిర్క్ పేరే పెట్టారు. నమాజుకు నేను అలవాటుగా పడమటికి తిరిగి చాప పరిచాను. గైడు నవ్వి, చాప అంచు పట్టుకుని ఉత్తరానికి తిప్పాడు. మక్కా ఇక్కడికి దాదాపు సూటిగా ఉత్తరాన ఉన్నది.

చివరి మజిలీ దీవి దక్షిణపు కొసన ఉన్న కిజిమ్‌కాజీ. అక్కడ దింబానీ పల్లెలో ఒక చిన్న మస్జిదు. రేకుల కప్పు, సున్నం గోడలు. బయటి నుంచి చూస్తే మన పల్లె మస్జిదు లాగే ఉంటుంది. లోపల మిహ్రాబు దగ్గర పగడపు రాతిలో చెక్కిన కూఫీ లిపి చూసి ఆగిపోయాను. ఆ శాసనం హిజ్రీ 500వ సంవత్సరానిది, అంటే క్రీ.శ. 1107. మన చార్మినార్ కంటే 484 ఏళ్ళు పాతది. కట్టడంలో ఎక్కువ భాగం పద్దెనిమిదవ శతాబ్దంలో తిరిగి కట్టినదే అయినా, నమాజు నేటికీ జరుగుతున్నది. సుల్తానులు రాకముందు, లవంగం నాటకముందు, తొమ్మిదివందల ఏళ్ళ క్రితమే ఇక్కడ మనుషులు సజ్దా చేశారు.

అస్ర్ జమాఅతులో పదిమందిమి ఉన్నాము, ఎక్కువగా జాలర్లు. వారి పాదాలకు ఇసుక అంటుకుని ఉన్నది. నా కుడి భుజానికి గైడు భుజం ఆనింది.

తిరుగుదారిలో నేనే మాట కదిపాను. మా హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ దగ్గర ఏ.సీ. గార్డ్స్ అనే పేట ఉన్నదని, ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందని, నిజాము కొలువులో గుర్రపు దళంగా ఉన్న ఆఫ్రికావాసుల సంతతి ఇప్పటికీ అక్కడ నివసిస్తున్నదని చెప్పాను. అతడు వాహనం వేగం తగ్గించాడు. “వాళ్ళు ఏ ఊరినుంచి వచ్చారు, బాబు? మా మాటలేమైనా వాళ్ళకు మిగిలాయా?” తెలియదన్నాను. ముప్పై ఏళ్ళుగా ఆ వీధిగుండా వెళుతున్నాను. ఎవరినీ అడగలేదు.

మమ్మల్ని దింపేటప్పుడు మగ్రిబ్ అజాన్ మొదలైంది. ఒప్పుకున్న సొమ్ముకు కాస్త కలిపి ఇచ్చాను. అతడు డబ్బు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, “అక్కడివారికి నా సలాం చెప్పండి” అన్నాడు.

ఒకరి సలాం మోసుకుపోవడం అమానతు. హైదరాబాదు వచ్చిన మూడవ వారం, ఒక శుక్రవారం ఏ.సీ. గార్డ్స్‌లోని మస్జిదుకు వెళ్ళాను. నమాజు అయ్యాక అరుగుమీద కూర్చున్న ఒక వృద్ధుని పక్కన చేరి, జంజిబార్ నుంచి ఒక యువకుడు మీకు సలాం చెప్పమన్నాడని చెప్పాను. ఆయన ఛాతీమీద చేయి ఉంచి జవాబు సలాం పూర్తిగా పలికారు. కొంతసేపటికి, “అక్కడికి ఎన్ని రోజుల ప్రయాణం?” అని అడిగారు. విమానంలో ఒక్కరోజు చాలని చెప్పాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. “కాదు భాయీ. ఓడలో.”