ఓడ నిండా సరుకు వద్దు

కంప్యూటర్ ఆటలంటే టైము దండగ అనుకునే తరం మాది. పైగా నేను గుడివాడలో ఓ బ్యాంకులో ముప్పయ్యేళ్లు పంట రుణాల ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ని. రిస్కు గురించి నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదనుకునేవాణ్ని. అయితే ఆ పాఠాన్ని ఎంతో సూటిగా చెప్పే ఆట ఒకటుందని మా మనవడి వల్ల తెలిసింది.

దాని పేరు ఈవ్ ఆన్‌లైన్. ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ అనే సంస్థ 2003లో మొదలుపెట్టింది. దేశదేశాల నుంచి వేలమంది ఒకే అంతరిక్షంలో ఓడలు నడుపుతారు. గనులు తవ్వుతారు, సరుకు తయారుచేసి అమ్ముకుంటారు, ఒకరినొకరు దోచుకుంటారు. ఓడ పేలిపోతే పోయినట్టే, ఇంకోటి కొనుక్కోవాల్సిందే. బీమా ఉంది గానీ అది ఓడకే, లోపలి సరుకుకు కాదు. అక్కడి బజారు ఎంత పెద్దదంటే, ధరల తీరు గమనించడానికి ఆ సంస్థ 2007లో ఓ ఆర్థికశాస్త్రవేత్తను ఉద్యోగంలోకి తీసుకుంది!

ఆ అంతరిక్షంలో ఒక్కో చోటుకు ఒక్కో భద్రత మార్కు. 1.0 నుంచి 0.5 దాకా పోలీసులుంటారు. అంతకు దిగితే పోలీసులు రారు. సున్నాకు చేరితే బలవంతుడిదే రాజ్యం. బాగా విలువైన ఖనిజాలు దొరికేది మాత్రం ఆ సున్నా దగ్గరే.

‘‘పోలీసులున్నచోటే వ్యాపారం చేసుకోవచ్చుగా?’’ అన్నాను.

‘‘చేసుకోవచ్చు తాతయ్యా. లాభం తక్కువొస్తుంది. అయినా పోలీసులు దొంగ ఓడను పేల్చేస్తారు గానీ, పోయిన నీ సరుకు తెచ్చివ్వరు’’ అన్నాడు వాడు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. పోలీసులు పేల్చేస్తారని తెలిసీ దొంగలు దాడి చేస్తారట. వాళ్లకూ ఓ లెక్కుంటుంది. తాము పోగొట్టుకునే ఓడల ఖరీదు కన్నా నీ ఓడలోని సరుకు విలువ ఎక్కువైతే వస్తారు. తక్కువైతే నీ జోలికి రావడం వాళ్లకు గిట్టదు. కాబట్టి తెలివైనవాడు సరుకును మూడు నాలుగు విడతలుగా పంపుతాడు. దానివల్ల కాలం ఖర్చవుతుంది, కొంత లాభం పోతుంది. ఆ పోయిన లాభమే భద్రతకు కట్టే ధర. మరీ భయపడి పది విడతలు చేస్తే, ఆ ధరే వ్యాపారాన్ని మింగేస్తుంది.

వాడు చెబుతుంటే నాకు బందరు కళ్లముందు మెదిలింది. 1600ల మొదట్లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు వచ్చి వ్యాపారానికి దిగిన రేవది. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు ఆ వర్తకుల ఆనవాళ్లే. ఇక్కడి అద్దకం బట్టలు ఓడలెక్కి తూర్పు దీవులకు వెళ్తే, సుగంధ ద్రవ్యాలు తిరిగొచ్చేవి. ఆనాటి సముద్ర వర్తకంలో ఓ రకం అప్పుండేది. ఓడ క్షేమంగా చేరితేనే తీర్చాలి, మునిగితే అప్పూ మునిగినట్టే. అందుకే దాని వడ్డీ మామూలు వడ్డీకన్నా చాలా ఎక్కువ. ఆపదకు ధర కట్టడం మనుషులకు కొత్తేం కాదు.

అయితే ధర కట్టలేని ఆపదలూ ఉంటాయి. 1864 నవంబరు 1 రాత్రి తుపానుకు సముద్రం బందరు ఊళ్లోకే వచ్చింది. సుమారు ముప్పై వేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. వాళ్లలో ఎక్కువమంది సముద్రం మీదికి వెళ్లినవాళ్లు కాదు. ఇంట్లో ఉన్నాం కదా, ఏం కాదులే అనుకున్నవాళ్లు.

ఇక మా ఇంటి సంగతి. నాగాయలంక దగ్గర మా తమ్ముడి కొడుక్కి అయిదెకరాలుంది. కాలవ కింద మూడెకరాల వరి, దూరంగా ఉప్పుటేరు పక్కన రెండెకరాలు. మొత్తం రొయ్యల చెరువులు తవ్వించేస్తానని వచ్చాడు. కూతురు ఇంజినీరింగులో చేరింది, వరి మీద వచ్చేది ఫీజుకు చాలడం లేదు. వాడి బాధలో అబద్ధం లేదు. వెనామీ రొయ్య కలిసొస్తే మూడు నాలుగు నెలల్లో చేతికొచ్చే డబ్బు వరి ఎన్నేళ్లకు ఇస్తుంది?

నాకు మాత్రం 1994-95 నాటి ఫైళ్లు గుర్తొచ్చాయి. తెల్లమచ్చ రోగం కోస్తా చెరువుల్ని ఊడ్చేసిన కాలమది. అప్పుడు బ్యాంకు మెట్లెక్కి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లలో సోమరి ఒక్కడూ లేడు. ఉన్నదంతా ఒక్క చెరువులో పోసినవాళ్లే వాళ్లంతా.

ఆ రోజు సెలవులకొచ్చిన మనవడు పక్కనే ఉన్నాడు. ‘‘మావయ్యా, మా ఆటలో అందరూ చెప్పే మొదటి సూత్రం ఒకటుంది. పోతే తట్టుకోలేని ఓడను నడపొద్దు’’ అన్నాడు.

తమ్ముడి కొడుకు నవ్వాడు. ‘‘నీ ఓడ పోతే ఇంకోటి కొంటావురా. నా భూమి పోతే?’’

ఆ మాటతో లెక్క తేలిపోయింది. చెరువులో రొయ్య చస్తే సీడు, మేత, కరెంటు ఖర్చు పోతుంది. కష్టమే అయినా మళ్లీ సంపాదించుకోవచ్చు. వరి చేలో ఉప్పునీళ్లు పెడితే ఆ నేల మళ్లీ వరికి రావడానికి ఏళ్లు పడుతుంది. పక్క రైతు చేలోకీ ఉప్పు దిగుతుంది. మొదటిది పెట్టుబడి, రెండోది పునాది. పణంగా పెట్టాల్సింది మొదటిదే. ఏటి పక్క రెండెకరాలే చెరువులు చేద్దామనీ, వరి జోలికి పోవద్దనీ ముగ్గురం అనుకున్నాం.

మొదటి పంట బ్రహ్మాండంగా వచ్చింది. ‘‘పెదనాన్నా, అయిదెకరాలూ వేసుంటేనా!’’ అని ఫోన్లో నిష్ఠూరమాడాడు. నిజమే, భద్రతకు ధర కట్టాడు మరి. రెండో పంటలో యాభయ్యో రోజున తెల్లమచ్చ కనిపించింది. కౌంటు రాకుండానే వలేసి, దొరికిన రేటుకు అమ్మేశాడు. ఆ ఏడాది కూతురి ఫీజు వడ్ల డబ్బుతోనే కట్టాడు.

వాడు చెరువులు మానలేదు, మానమని నేనూ అనలేదు. అడుగు ఎండగట్టాడు, గట్లు బాగుచేశాడు, ఈసారి సీడును పరీక్ష చేయించి మరీ తెచ్చాడు. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగకుండా జనరేటర్ పెట్టాడు. ఆ ఖర్చు రాసుకోవడానికి పుస్తకంలో కొత్త పేజీ తెరిచాడు. పైన ‘కాపలా ఖర్చు’ అని రాసుకున్నాడు. ముప్పయ్యేళ్లు రుణాలిచ్చినా, ఆ పద్దు విడిగా రాసుకున్న రైతు నాకు ఒక్కడూ తగల్లేదు.