మా వీధికి వినబడని మా రేడియో

రేడియోలో “ఈనాటి మా అతిథి...” అనగానే మీ మనసులో ఎవరు మెదులుతారు? నిజం చెప్పండి! ఓ కథానాయకుడో, కథానాయికో, కాకపోతే ఓ సంగీత దర్శకుడో. అవునా? వివిధభారతి ‘జనరంజని’ మనకు చేసిన అలవాటది. తారలు తమకిష్టమైన పాటలు చెప్పడం, ఒక్కో పాట వెనక ఓ ముచ్చట విప్పడం, అంతలోనే పాట రావడం... అది వింటూ కంచంలో అన్నం చల్లారబెట్టుకున్న వాళ్ళెందరో!

నేను చేసేదీ అటువంటి కార్యక్రమమే. అతిథి ఉంటారు, కబుర్లుంటాయి, పాటలూ ఉంటాయి. తేడా ఒక్కటే. నా ఎదుటి కుర్చీలో కూర్చునేవాళ్ళ ఫోటో ఏ సినిమా పత్రికలోనూ పడదు. ఈ వ్యాసం పక్కన కూడా పడదు సుమా!

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బి.ఏ. చదివాను. వయసు ముప్పై దాటింది. ఏ పత్రికలోనూ స్థిరంగా కుదురుకోకుండా, రాసినదానికి వచ్చిందే జీతం అనుకుని బతుకుతున్నాను. ఉండేది నాగారంలో. ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా దాటి కీసర వైపు వెళుతుంటే వస్తుంది మా ఊరు. శివరాత్రికి కీసరగుట్ట జాతరకు పోయే జనమంతా మా ముందునుంచే పోవాలి. నగరానికి అవతలి మూలన ఓ చిన్న సామాజిక రేడియో స్టేషన్ ఉంది. రెండు బస్సులు మారి వెళ్ళి, వారానికో గంట అక్కడ కార్యక్రమం చేసి వస్తాను. జీతం లేదు. దారిఖర్చులు కూడా మనవే.

“సామాజిక రేడియో అంటే ఏమిటండీ?” అని అడుగుతారు కొందరు. అడగాల్సిందే. గాలిలో నడిచే తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటిదాకా రేడియో అంటే సర్కారుదే. 2002లో విద్యాసంస్థలకు అనుమతి ఇచ్చారు. 2004లో మద్రాసులో అన్నా విశ్వవిద్యాలయం వారి స్టేషన్ మొదలయింది. 2006 చివర్లో స్వచ్ఛంద సంస్థలకూ తలుపు తెరిచారు. షరతులు మాత్రం గట్టివే! ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లకు మించకూడదు. కార్యక్రమాల్లో సగమైనా అక్కడి జనం తయారుచేసుకున్నవి కావాలి. సొంతంగా వార్తలు చదవకూడదు.

వంద వాట్లంటే ఎంత దూరం పోతుంది? ఏ పది కిలోమీటర్లో, మహా అయితే మరికొంచెం. అందువల్ల జరిగిన తమాషా ఏమిటంటే, నేను మాట్లాడేది మా నాగారంలో వినబడదు! మా అమ్మ ఇప్పటికి ఒక్కసారి కూడా నా గొంతు రేడియోలో వినలేదు. “వారంవారం నువ్వు యాడికి పోతున్నవో ఏమో, నాకైతే నమ్మకం లేదు” అంటుంది. పెళ్ళిసంబంధం మాట వచ్చినప్పుడు మాత్రం “మావోడు రేడియోల మాట్లాడుతడు” అని చెప్పడం మరిచిపోదు.

అయినా అతిథులను మా ఊరి నుంచే తీసుకుపోతుంటాను. ఇ.సి.ఐ.ఎల్. 1967లో వెలిసిన సంస్థ. అక్కడ పనిచేసి పదవీ విరమణ పొందినవారు మా చుట్టుపక్కల చాలామంది స్థిరపడ్డారు. ఆ సంస్థవారు తయారుచేసిన టెలివిజన్ సెట్టు ఒకప్పుడు ఇంట్లో ఉంటే అదో హోదా. ఆ సెట్లకు తీగలు అతికిన పెద్దమనిషి ఒకాయన నా మొదటి అతిథుల్లో ఒకరు. మైకు ముందు కూర్చుని ఏమన్నారో తెలుసా? “మేం టీవీలు చేసి రేడియో నోరు మూయించినం. ఇప్పుడు దాన్ని లేపనీకి నన్నే పిలుస్తవా?” స్టూడియో అంతా నవ్వు!

ఇక పాటల సంగతి. ఇక్కడే చిక్కు. సినిమా పాట వేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి, రుసుము కట్టాలి. కరెంటు బిల్లు చూసి గుండె పట్టుకునే స్టేషన్‌కు అది ఎక్కడ సాధ్యం? సినిమా పాట లేని రేడియోను మన జనం ఎంతమాత్రం సహించరని చరిత్రే చెబుతోంది. 1952లో సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ గారి హయాంలో ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. శ్రోతలు ఊరుకున్నారా? రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పేశారు. అమీన్ సయానీ గారి గొంతుకు దేశమంతా దాసోహమంది. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టాకే జనం మళ్ళీ ఇల్లు చేరారు. ఆనాడు సర్కారు వద్దన్నది. ఈనాడు మా జేబు వద్దంటోంది. అంతే తేడా!

ఈ చిక్కులోంచే నా కార్యక్రమంలో నాకు బాగా గుర్తుండిపోయిన అతిథి వచ్చారు.

మా వెనక వీధిలో డెబ్భై దాటిన పెద్దాయన ఒకరున్నారు. నలభై ఏళ్ళ పాటు పెళ్ళి పందిళ్ళలో, గణపతి మండపాల దగ్గర ఆర్కెస్ట్రాలో పాడారు. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఈయన స్టేజీ ఎక్కింది ఆ తర్వాత. కళ్ళు మూసుకుని వింటే ఆయనే దిగివచ్చారా అనిపించేదట! లేని మనిషి గొంతును ఊరూరా మోశారన్నమాట. మోసినందుకు దక్కింది రాత్రికి వంద, రెండు వందలు, ఓ శాలువా. పెన్ డ్రైవులు, డీజేలు వచ్చాక ఆ పిలుపులూ ఆగిపోయాయి.

“మా కార్యక్రమానికి రావాలి మాస్టారూ” అన్నాను. ముఖం వెలిగిపోయింది. “ఏ పాట పాడాలె బిడ్డా? భక్తిదా, విషాదమా?” అని గొంతు సవరించుకున్నారు. సినిమా పాట వీలుకాదని చెప్పక తప్పలేదు. కారణమూ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

“నలభై ఏండ్లు ఆయన పాటలే పాడిన. అవి తీసేస్తే నా తాన ఏమున్నది?”

చెప్పండి, దీనికి ఏం జవాబివ్వాలి? మా చేతిలో రుసుము లేదు. ఆయన చేతిలో మరో పాట లేదు. అతిథిని మార్చుకుంటే నాకు పని సులువవుతుంది. కానీ “నీ దగ్గర ఏమీ లేదు” అని ఆయనకు ఆయనే చెప్పుకున్న మాటను నేనూ ఖాయం చేసినట్టవుతుంది. అందుకని పాట ఊసెత్తకుండా, కబుర్లకే రమ్మన్నాను.

వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో దువ్వెన, వెంట కోడలు. పందిరి కూలిన రాత్రి గురించి, పెళ్ళికొడుకు తండ్రి డబ్బు ఎగ్గొడితే అర్ధరాత్రి హార్మోనియం నెత్తిన పెట్టుకుని నడిచిన సంగతి గురించి చెప్పి నవ్వించారు. మాటల్లో మాటగా, “చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా పాడేవారా?” అన్నాను. “మా అమ్మ నాట్లేసేటప్పుడు పాడేది” అన్నారు. ఆగారు. ఎవరూ అడగకుండానే ఆ పాట అందుకున్నారు.

ఆ గొంతులో ఘంటసాల లేరు! కాస్త జీర, కాస్త వణుకు, మడి బురద వాసన. రెండు చరణాలయ్యాక ఆపి, మైకు ఉందన్న సంగతే మరిచి, కోడలి వైపు తిరిగి అడిగారు... “నా గొంతు ఇట్లుంటదా?”

ఆ మాట ప్రసారంలో ఉంచాలా, తీసెయ్యాలా అని ఆయన్నే అడిగాను. “ఉండనీ” అన్నారు.

తీరా ప్రసారం రోజు దగ్గరపడేసరికి ఇంకో చిక్కు. నాగారంలో వినబడదు కదా! “ఫోన్లో పంపిస్తాను, ఇంట్లోనే వినండి” అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “ఫోన్ల ఇంటె నువ్వు పంపినట్టుంటది బిడ్డా. రేడియోల ఇంటె గాలిల వచ్చినట్టుంటది.”

ఇక ఏం చేస్తాం! పాత ట్రాన్సిస్టర్‌కు కొత్త సెల్లులు వేసి, ముగ్గురం రెండు బస్సులు మారి, స్టేషన్ అందే ఓ బస్టాపులో దిగి, టీ కొట్టు పక్క బల్ల మీద కూర్చున్నాం. పాట వస్తుండగా ఓ ఆటో డ్రైవరు చెవి యొగ్గి “ఎవరన్నా పాడేది?” అన్నాడు. నేను నోరు తెరవబోతే పెద్దాయన నా మోకాలు నొక్కారు. “ఎవరో నాగారం మనిషంట” అన్నారు!

మాది కొత్త కష్టమేమీ కాదు. జహీరాబాద్ దగ్గర మాచ్నూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు నడిపే సంగం రేడియో చరిత్ర చూడండి. వాళ్ళు 1998 నుంచే కార్యక్రమాలు తయారుచేశారు. అనుమతి మాత్రం లేదు. ఏం చేశారు? క్యాసెట్లలోకి ఎక్కించి, సంఘాల సమావేశాలకు మోసుకెళ్ళి వినిపించారు. పదేళ్ళు! 2008 అక్టోబరు 15న కానీ వాళ్ళ గొంతు గాలిలోకి ఎక్కలేదు. 1995 తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంత్ గారే ఆ స్టేషన్‌ను ప్రారంభించడం ఎంత ముచ్చట! వాళ్ళు పాటను మనుషుల దగ్గరికి మోశారు. మేం మనిషిని పాట దగ్గరికి మోశాం.

“జీతం లేని ఈ పని ఎన్నాళ్ళురా?” అని మిత్రులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. స్టేషన్‌కు వెళ్ళిన రోజు నాకో వ్యాసం తగ్గుతుంది. ఆ నెల అద్దె కట్టేటప్పుడు ఆ వ్యాసం గుర్తొస్తుంది కూడా. కానీ తారల ముచ్చట్లు రాయడానికి నాలాంటివాళ్ళు వందమంది ఉన్నారు. మా వెనక వీధి పెద్దాయన్ని “మీ అమ్మగారు ఏం పాడేవారు?” అని అడగడానికి డెబ్భై ఏళ్ళలో ఒక్కరూ దొరకలేదు. అందుకే ఈ సంవత్సరం కూడా మానదలచుకోలేదు.

తారలంటే నాకూ అభిమానమే. లేకపోతే ఈ పత్రికలో ఎందుకు రాస్తాను? అయితే తారల పాటలను పందిరి పందిరికీ మోసి, ఊళ్ళను నిద్రపోనివ్వని గొంతులు కూడా సినిమా చరిత్రలో భాగమే. మీ వీధిలోనూ ఒకరుంటారు, వెతకండి. స్టేషన్ లేకపోయినా ఫరవాలేదు. ఓ కుర్చీ వేసి, ఓ టీ ఇచ్చి, తీరిగ్గా అడగండి. సొంత గొంతు ఎలా ఉంటుందో మీతో పాటు వాళ్ళూ వింటారు!