అమ్మీ చేతులు

షాదీల సీజన్‌లో ఒక్కో రాత్రి వెయ్యి ఫొటోలు తీస్తాను. దూల్హా, దుల్హన్, వాళ్ల ఖాలాలు, ఫుప్పూలు, అందరూ నా కెమెరాలో ఉన్నారు. మా అమ్మీ ఒక్కతే లేదు. "తస్వీర్ నక్కో బేటా" అంటూ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. రేషన్ కార్డు మీది ఫొటో తప్ప ఇంట్లో ఇంకోటి లేదు.

ఆదివారం ఫజర్ నమాజ్ కాగానే బేటీని బండెక్కించుకుని ఉప్పలపాడు పోతాను, గుంటూరు పక్కనే. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి మరీ చేపలు తింటుంది. ఆ ఒక్క ఫొటో కోసం గంట కూర్చోవాలి. అయినా పక్షులు వద్దనవు, కొంగు అడ్డం పెట్టుకోవు. అదో సుకూన్.

మొన్న తిరిగొచ్చేసరికి అమ్మీ గడపలో కూర్చుని మా పిల్లి మున్నీకి చేప ముళ్లు ఏరి పెడుతోంది. భుజం మీద కెమెరా ఇంకా దింపలేదు. ముఖం వదిలేసి చేతులు మాత్రం తీశాను. కోప్పడుతుందనుకున్నా. వెనక తెర మీద పెద్దగా చేసి చూపిస్తే, మోతియా వచ్చిన కళ్లు కదా, దగ్గరకు లాక్కుని చాలాసేపు చూసింది.

"ఇవి మా అమ్మీ చేతులు రా" అంది.

నానీ ఫొటో ఎవరూ తీయలేదు.

"ఇది కాగితం మీద తీయించి ఇయ్యి బేటా, ఖురాన్ అల్మారాలో కాదు, నా దిండు కింద పెట్టుకుంటా."