రెసిడ్యువల్ ఎంత?

మిత్రులొకరు ఈమధ్య ఇల్లు కొన్నారు. పెరట్లో ఈతకొలను ఉన్నదట. "మనమే చూసుకోవచ్చునా, మనిషిని కుదుర్చుకోవాలా?" అని అడిగారు. రెండు ముక్కల్లో తేలిపోవలసిన ప్రశ్న. ఫోను పట్టుకుని చాలాసేపు ఊరకున్నాను. అవతల ఆయన లైను తెగిపోయిందనుకుని పెట్టేశారు. ఆయనకు చెప్పలేకపోయినది ఇక్కడ రాసుకుంటున్నాను.

మా ఇల్లు డాలస్ నగరానికి ఉత్తరాన ఉన్నది. ఎండాకాలం నలభై డిగ్రీలు తగిలే ఊరు. 2014లో కొన్నాము. ఇల్లు నచ్చింది, కొలను అరణంగా వచ్చింది. పదహారువేల గ్యాలన్లు, అనగా సుమారు 60,000 లీటర్ల నీరు. పాత యజమాని దగ్గర పనిచేసిన మనిషినే మేమూ ఉంచుకున్నాము. మెక్సికో దేశస్థుడు, నాకంటె నాలుగేళ్ళు పెద్ద. ప్రతి మంగళవారం పాత ట్రక్కులో వచ్చి, ఆకులు తీసి, గోడలు రుద్ది, నీరు పరీక్షించి, గేటుకు ఒక చీటీ తగిలించి వెళ్ళేవాడు. నెలకు 140 డాలర్లు, మందులు మనవే. ఆ చీటీలను నేను గ్యారేజీలోని ఒక సొరుగులో పడవేసేవాణ్ణి. చదివేవాణ్ణి కాదు. కరెంటు బిల్లు కూడా మొత్తం ఎంతో చూసి మడిచిపెట్టే జాతి మాది.

మందుల విషయంలో మాత్రం నేను మహా పొదుపరిని. అరచేతిలో పట్టే క్లోరిన్ బిళ్ళలు, ట్రైక్లోర్ అంటారు, టోకు దుకాణంలో పెద్ద డబ్బాలుగా చవకగా దొరుకుతాయి. ఏడాదికి సరిపడా తెచ్చిపెట్టేవాణ్ణి. వారానికి రెండు, తేలే గిన్నెలో వేసి వదిలేయడమే. నాలుగేళ్ళు అలాగే గడిచాయి.

2018 వేసవిలో నాన్నగారు వచ్చారు. అప్పటికి ఆయనకు డెబ్భైరెండేళ్ళు. గోదావరి కాలువ గట్టునున్న మా ఊళ్ళో పురపాలక సంఘం వాటర్‌వర్క్స్‌లో ఆపరేటరుగా పనిచేసి విరమించారు. పటిక కలపడం, ఇసుక పడకలు కడగడం, క్లోరిన్ వదలడం, గంటగంటకూ రిజిస్టరులో రాయడం ఆయన ఉద్యోగం. ఇంటికి వస్తే చొక్కా నుండి బ్లీచింగ్ పౌడరు వాసన. బడిలో నన్ను "బ్లీచింగాయన కొడుకు" అనేవారు. ఆయన సైకిలు మా బడి వీధిలోకి రాకుండా ఉంటే బాగుండునని కోరుకున్న రోజులున్నాయి. ఈ మాట ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

వచ్చిన రెండవ రోజు ఉదయం చేతులు వెనక్కి కట్టుకుని కొలను చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. వంగి ముక్కుతో గాలి పీల్చారు.

"రెసిడ్యువల్ ఎంతుంచుతున్నావురా?"

"ఏమో నాన్నా, మనిషి వస్తాడు, చూస్తాడు. వాసన వస్తోంది కదా, క్లోరిన్ బాగానే ఉన్నట్టు."

"వాసన వస్తోందంటే క్లోరిన్ ఎక్కువై కాదురా అబ్బాయ్, చాలక."

నవ్వి ఊరుకున్నాను. మన పెద్దవాళ్ళు అమెరికా వచ్చి ప్రతిదానికీ ఏదో ఒకటి అంటారు కదా అనుకున్నాను. ఆయనన్నది అక్షరాలా నిజమని తరువాత తెలిసింది. చెమట, మూత్రాల వంటి వాటితో కలిసి అలసిపోయిన క్లోరిన్‌కే ఆ ఘాటైన వాసన. పని చేయగలిగే క్లోరిన్ తగినంత ఉన్న కొలనుకు వాసన దాదాపు ఉండదు.

ఆగస్టు నెల, ఒక ఆదివారం. ఉదయం లేచేసరికి కొలను పచ్చబడింది. మావాడి పుట్టినరోజు, పదిమంది పిల్లలు ఈతకు రావలసిన రోజు. నాకు వచ్చిన కోపానికి మేర లేదు. నెలనెలా 140 డాలర్లు పుచ్చుకుంటున్నాడే! ఆ సాయంత్రమే చరవాణిలో రెండు వాక్యాలు పంపాను: ఇక రానక్కరలేదు, ఇంతకాలపు సేవకు ధన్యవాదాలు. "సరే" అని ఒక్కమాట జవాబు వచ్చింది.

మరునాడు నాన్నగారు మైలుతుత్తం దొరుకుతుందా అని అడిగారు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు మంచినీళ్ళ చెరువులో పాచి పడితే వాళ్ళు వాడినది అదే. ఇక్కడా దొరుకుతుంది, పాచిమందు పేరుతో అందమైన సీసాలలో. అయితే ఆ రాగి నీటిలో నిలిచిపోయి గోడలకు మరకలు పెడుతుంది, తెల్లవారి పిల్లల బంగారు జుట్టును ఆకుపచ్చగా మారుస్తుంది. అది వద్దనుకుని, నేను చుక్కలతో చేసే పరీక్షపెట్టె తెప్పించాను. ఆ పెట్టె విప్పినప్పుడు నాన్నగారి ముఖం చూడవలసింది! పది మిల్లీలీటర్ల నీటిలో పొడి వేస్తే గులాబీరంగు. చుక్కచుక్కగా మందు వేస్తూ రంగు పోయేదాకా లెక్కపెట్టాలి. చుక్కకు అర పీపీఎం. "మాకు పసుపురంగు డబ్బా ఉండేది, కంటితో పోల్చుకోవడమే, ఇది చాలా నయం" అన్నారు. క్లోరిన్ మూడు పాళ్ళున్నది. ఆయన నొసలు ముడిచారు. మన కుళాయినీటికి కనీసం 0.2 ఉంటే చాలునన్నది అక్కడి ప్రమాణం. దానికి పదిహేను రెట్లుండి పాచి ఎలా పట్టింది?

సమాధానం పెట్టెలోని మరొక గొట్టంలో ఉన్నది. దాని అడుగున ఒక నల్లచుక్క. కొలను నీటిలో ఒక మందు కలిపితే తెల్లగా మబ్బు పడుతుంది. ఆ నీటిని గొట్టంలో కొద్దికొద్దిగా పోస్తూ పైనుండి చూడాలి. నల్లచుక్క ఎక్కడ మాయమైతే అక్కడి అంకె సయనూరిక్ ఆమ్లం. మాకు మూడువేళ్ళ నీటికే మాయమైంది, గీతలన్నిటికీ దిగువన, 100 పాళ్ళకు మించి. సగం కుళాయినీరు కలిపి మళ్ళీ చూస్తే ఎనభై. అంటే నూట అరవై.

ఈ ఆమ్లం సంగతి నాన్నగారికి కొత్త. మూసిన గొట్టాలలో పారే నీటికి దాని అవసరం లేదు. ఎండలో పడి ఉండే కొలనుకు కావాలి. అది లేకపోతే సూర్యరశ్మికి గంట తిరక్కుండానే క్లోరిన్ సగం హరించిపోతుంది. ముప్ఫై నుండి యాభై పాళ్ళుంటే గొడుగు. అంతకు మించినకొద్దీ క్లోరిన్‌ను తన పట్టులో బంధించి పని చేయనివ్వదు. నూట అరవై ఉన్నచోట క్లోరిన్ పన్నెండు పాళ్ళయినా ఉంటేగాని పాచి ఆగదు. ఇంత ఆమ్లం ఎక్కడిది? నా చవక బిళ్ళలలోనిదే. ట్రైక్లోర్ బిళ్ళలో క్లోరిన్‌తోపాటు ఈ ఆమ్లమూ ఉంటుంది. మా కొలనులో ఒక్కో బిళ్ళ దాదాపు రెండు పాళ్ళు చేరుస్తుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది మిగిలిపోతుంది. ఆవిరితో పోదు, వడపోతకు చిక్కదు. వానకు పొర్లినప్పుడు కొంత పోవాలి, లేదా మనమే నీరు తీసి పారబోయాలి.

"లాగ్‌బుక్ ఏదిరా? ఎప్పటినుండి పెరిగిందో చూద్దాం" అన్నారు నాన్నగారు.

లాగ్‌బుక్ ఎక్కడిది? సొరుగులోని చీటీలు గుర్తుకు వచ్చాయి. తెచ్చి భోజనాల బల్లమీద పోశాను. తేదీలవారీగా ఆయనే పేర్చారు. ప్రతి చీటీ మీద నాలుగైదు అంకెలు, కింద వంకర అక్షరాలలో ఒక వాక్యం. 2017 ఏప్రిలు నుండి ఆ వాక్యం మారలేదు: ఆమ్లం ఎక్కువ, సగం నీరు మార్చండి. తరువాత: బిళ్ళలు ఆపండి, ద్రవ క్లోరిన్ కొనండి. నిరుటి అక్టోబరులో ఆ మాట కింద రెండు గీతలు. ఈ మే నెలలో మూడు గీతలు.

నాన్నగారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "ఆపరేటరు రాసిపెట్టాడు కదరా. చదవకపోతే అతనేం చేస్తాడు?"

అంతే అన్నారు, లేచి వెళ్ళిపోయారు. కానీ ఆ గదిలో మరొక రిజిస్టరు ఉన్నదని మా ఇద్దరికీ తెలుసు. నేను పదవ తరగతిలో ఉండగా మా ఊళ్ళో ఒక వార్డులో కామెర్లు వ్యాపించాయి. మురుగుకాలువలో మునిగి ఉన్న గొట్టం ఎక్కడో చిట్లింది. చివరి కుళాయిల దగ్గర రెసిడ్యువల్ సున్నా అని నాన్నగారు ఐదువారాలుగా రిజిస్టరులో రాస్తూనే ఉన్నారు. పైవారు సంతకాలు చేస్తూనే ఉన్నారు, చదవకుండా. చివరకు మూడునెలలు సస్పెండు అయినది ఆయన. ఆయన వైపు తప్పేదో ఉండే ఉంటుందని ఊరితోపాటు నేనూ అనుకున్నాను. పదహారేళ్ళవాణ్ణి. పోనీ, తరువాతనైనా అడిగానా అంటే అదీ లేదు.

సగం నీరు తీసేయవలసి వచ్చింది. మొత్తం తీయకూడదు, మా ఊరి నేల నల్లరేగడి లాంటి బంకమట్టి, తడికి ఉబ్బుతుంది, అడుగున నీరూరితే ఖాళీ కొలనును పడవలాగ పైకి లేపేయగలదు. మోటారు పెట్టి మురుగుగొట్టంలోకి వదులుతుంటే నాన్నగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఏదో కాగితం మీద లెక్క వేశారు. మన పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్లని సర్కారు లెక్క. 30,000 లీటర్లంటే 222 మందికి ఒక రోజు నీళ్ళు. "ఒక వీధిరా ఇది" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మా పక్కింటాయన కంచె మీదుగా చూసి బొటనవేలు పైకెత్తి అభినందించాడు.

ఆ రోజు నుండి పని నాదే. ఒక నోటుపుస్తకంలో మొదటి నలభై పుటలు నాన్నగారి దస్తూరీ, గంటతో సహా. వేసవిలో రోజుకు అరగ్యాలను ద్రవ క్లోరిన్, సాయంత్రం ఎండ దిగాక. వారానికోసారి క్షారం చూసి ఆమ్లం, పీహెచ్ 7.2కూ 7.8కీ నడుమ ఉండేలా. వడపోత పీడనం ఎనిమిదో పదో పెరిగితే శుభ్రం చేయడం. రోజుకు పది నిముషాలు, శనివారం గంట. డబ్బు లెక్క అడిగేవారికి: మనిషి ఉన్నప్పుడు మందులు కాక ఏడాదికి 1,680 డాలర్లు, ఇప్పుడు మందులకు అందులో సగం కూడా కాదు. "నీ గంటకు విలువ కట్టావా?" అంటుంది మా ఆవిడ. శనివారం గంటకు నాకు ఎవరూ ఏమీ ఇవ్వరు కనుక కట్టలేదు.

అయినా ఇది ఆదా అని చెప్పడానికి మనసొప్పదు. 2019 జూలైలో మూడువారాలు ఇండియా వెళ్ళివచ్చేసరికి కొలను బురదగుంట. మరొకసారి క్లోరిన్ పోసిన బాల్దీని కడగకుండానే ఆమ్లం పోశాను. పసుపుపచ్చని పొగ. ఊపిరి బిగిసింది. చిన్నప్పుడు నాన్నగారు చెప్పిన మాట ఎక్కడినుండో వచ్చి కాళ్ళను కదిలించింది: క్లోరిన్ గాలికంటె బరువు, నేలబారున వస్తుంది, గాలి వచ్చే వైపుకు, మెరక మీదకు పరుగెత్తాలి. పరుగెత్తాను. రెండురోజులు దగ్గాను. ఆయనకు ఇంతవరకు చెప్పలేదు.

ఇంతకాలంలో ఆ మనిషికి ఫోను చేయలేదు. చేయాలని అనుకున్నాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక వాయిదా వేశాను. సిగ్గు అనేది కూడా ఒక బద్ధకమే.

2021 ఫిబ్రవరి వచ్చింది. టెక్సాసు వారెవరూ మరువని వారం. డాలస్‌లో చలి మైనస్ పంతొమ్మిది సెంటీగ్రేడుదాకా దిగింది. ఎముకలు కొరికే చలిలో కరెంటు పోయింది. కరెంటు పోతే కొలను మోటారు ఆగుతుంది. పైకి కనబడే గొట్టాలలో నీరు నిలిచి గడ్డకట్టి, అన్నిటినీ పగలగొడుతుంది. రాత్రి పదకొండు. చేతిలో దీపం. పుస్తకం నిండా అంకెలున్నవి కానీ ఈ యంత్రంలో ఏది విప్పాలో నాకు తెలియదు. సిగ్గు విడిచి ఆయనకు ఫోను చేశాను. మూడవ మోతకు ఎత్తాడు. పేరు చెప్పబోతే "తెలుసు, నీలి తలుపు ఇల్లు" అన్నాడు.

అప్పుడు ఒక్కొక్కటే చెప్పాడు. మోటారు కింద రెండు బిరడాలు, వేడినీళ్ళు పోసి విప్పు. వడపోత అడుగున పెద్దది. పైన గాలిమర తెరువు. కవాటాలన్నీ నడిమధ్యకు తిప్పు. బిరడాలు మోటారు బుట్టలోనే వెయ్యి, వసంతంలో వెతుక్కోనక్కరలేదు. వేళ్ళకు స్పర్శ లేదు, ఫోను భుజానికి చెవికి నడుమ. నీరు గడగడా కారిపోయింది. అప్పుడు నేను చీటీల మాట ఎత్తాను. "నాలుగేళ్ళు మీరు రాశారు, నేను..."

"బ్రేకరు ఆపావా?" అన్నాడు. "కరెంటు వస్తే మోటారు నీళ్ళు లేకుండా తిరిగి కాలిపోతుంది. ముందు అది ఆపు. నాకు ఇంకో ఫోను వస్తోంది."

మా వీధిలో మూడిళ్ళలో గొట్టాలు పగిలాయి. మాకు ఏమీ కాలేదు. మార్చిలో వెతుక్కుంటూ వెళ్ళి డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. మళ్ళీ రమ్మంటే మంగళవారాలన్నీ నిండిపోయాయన్నాడు. అది ఆయనకు మంచికాలం కూడా కాదు. లూసియానాలో బిళ్ళలు చేసే కర్మాగారమొకటి 2020 ఆగస్టులో లారా తుఫాను తరువాత కాలిపోగా, 2021లో బిళ్ళల కరవు వచ్చి ధరలు మండిపోయాయి. విరిగిన యంత్రాల ఇళ్ళు వందలు. ఏడాదికి రెండుసార్లు వడపోత విప్పి కడగడానికి మాత్రం ఒప్పుకున్నాడు. అది నాకు చేతకాని పని అని ఆయనకూ తెలుసు. వచ్చిన ప్రతిసారీ పుస్తకం తెరిచి చూస్తాడు; తెలుగు అంకెలలో రాసిన నాన్నగారి పుటల దగ్గర కాసేపు ఆగుతాడు. వెళ్ళేముందు గేటుకు చీటీ తగిలిస్తాడు.

నిన్న ఆ మిత్రులకు మళ్ళీ ఫోను చేయలేదు. ఆయన నెంబరు పంపించి, మంగళవారాలు దొరకవు, గురువారాలలో ఏమైనా ఖాళీ ఉన్నదేమో అడగండి అని రాశాను. చీటీలు పెట్టే మనిషి అని కింద మరొక వరుస రాశాను. వెంటనే జవాబు వచ్చింది: "చీటీలా? ఏం చీటీలు?"