పక్కనున్న చెయ్యి

మన కోనసీమలో అమ్మవారి జాతరకి గరగలు ఎత్తుతారు కదా. గరగ నెత్తిన పెట్టుకున్నవాళ్ళు ఆ బరువు తామే మొయ్యాలి, తామే ఆడాలి. థింసా అలాంటిది కాదు. అది 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న అరకులోయ గిరిజనుల ఆట. తుడుము, డప్పు, మోరి వాయిస్తుంటే, ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు పట్టుకుని వరుసగా ఆడతారు. ఒకళ్ళు తొందరపడితే వరుసంతా ఊగిపోతుంది. డాన్సు క్లాసులో అడుగు తొందరగానే వస్తుంది. పక్కవాళ్ళతో కలవడమే కష్టం.

నా పక్కన ఎప్పుడూ నా నేస్తమే ఉండేది. వాళ్ళది అరకు వైపు. వాళ్ళ నాన్నకి ఇక్కడ పని ఉన్నన్నాళ్ళు మాతో చదివింది. ఎప్పుడు వంగాలో నోటితో చెప్పేది కాదు, నా వేలు నొక్కేది. సంక్రాంతి సెలవుల తర్వాత టీసీ తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. రాత్రి అన్నం దగ్గర కూడా ఆ చోటు ఖాళీగానే కనిపిస్తుంది. డప్పు వినపడుతుంది గాని, వేలు నొక్కేవాళ్ళు లేరు.

టీచరుగారు ఆ చోట ఆరో తరగతి పాపని నిలబెట్టారు. దాని చెయ్యి చిన్నది, భయంతో చల్లగా ఉంటుంది. మొదట్లో నాకు నచ్చలేదు. ఇప్పుడు వంగే ముందు దాని వేలు నేనే నొక్కుతున్నాను.